ఫార్మాట్ కొట్టే ముందు ఆ ఒక్క లైను చదవండి

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం, డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న కుర్రాడు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. పాస్‌వర్డ్ కొడితే తెర ఒక్క క్షణం నల్లబడుతోంది, మళ్ళీ పాస్‌వర్డ్ అడిగే చోటికే వచ్చి నిలబడుతోంది. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెప్పాలి. అదీ చెప్పడం లేదు. వెంట వచ్చిన స్నేహితుడి చేతిలో ఉబుంటు ఎక్కించిన పెన్‌డ్రైవ్ రెడీగా ఉంది. "ఫార్మాట్ కొట్టేద్దాం సార్. లినక్స్‌లో ఇవన్నీ మామూలే, పోతే మళ్ళీ వేసుకోవడమే" అన్నాడు. ఇంతకు ముందు ఎన్నిసార్లు వేశారని అడిగాను. ఆర్నెల్లలో రెండుసార్లు వేశారట, ఇది మూడోది. మరి ప్రాజెక్టు రిపోర్టు ఎక్కడుందంటే అందులోనే ఉంది, వేరే కాపీ లేదు.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కమన్నాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో లాగిన్ అడిగింది. అదే యూజర్ పేరు, అదే పాస్‌వర్డ్. లోపలికి వెళ్ళాడు. అంటే పాస్‌వర్డ్ బాగానే ఉంది, ఖాతా బాగానే ఉంది, బొమ్మల తెర ఒక్కటే పైకి లేవలేకపోతోంది. డిస్క్‌లో జాగా ఎంతుందో చెప్పే కమాండ్ డీఎఫ్. దానికి హైఫన్ హెచ్ తగిలిస్తే లెక్క జీబీల్లో చూపిస్తుంది. కొట్టాడు. 40 జీబీ పార్టిషన్, వాడకం 100 శాతం, మిగిలింది సున్నా. డెస్క్‌టాప్ మొదలవ్వాలంటే హోమ్ ఫోల్డర్‌లో నాలుగు చిన్న ఫైళ్ళు రాసుకోవాలి. రాయడానికి జాగా లేక వెనక్కి వచ్చేస్తోంది. అంతే రోగం.

జాగా ఎవరు తిన్నారో డీయూ అనే కమాండ్ చెప్పింది. వార్ లోపల లాగ్ డైరెక్టరీలో సిస్‌లాగ్ అనే ఒక్క ఫైలే 27 జీబీ ఉంది. దాని చివరి ఇరవై లైన్లు తీయించాను. ఇరవై లైన్లలోనూ ఒకటే పాట: పీసీఐఈ బస్ ఎర్రర్, సివియారిటీ కరెక్టెడ్. పక్కనే ఒక పరికరం నంబరు ఉంది. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌తో సరిచూస్తే ఆ నంబరు వైఫై కార్డుది. ఆ కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య కరెంటు ఆదా చేసే ఏర్పాటు ఒకటుంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది సరిగ్గా కుదరదు, చిన్న చిన్న పొరపాట్లు దొర్లుతుంటాయి. హార్డ్‌వేర్ వాటిని అప్పటికప్పుడే దిద్దుకుంటుంది. కెర్నెల్ మాత్రం దిద్దిన ప్రతిసారీ ఒక లైను రాసిపెడుతుంది. సెకనుకి పదుల లైన్లు, రోజుకి లక్షలు. డిస్క్ నిండింది.

ఇక మూడోసారి ఫార్మాట్ కొట్టి ఉంటే ఏం జరిగేదో చెప్పక్కర్లేదు. ప్రాజెక్టు పోయేది, అదే కార్డు, అదే బోర్డు, అదే లైను, ఇంకో రెండు నెలలకి అదే తెర. రెండుసార్లు జరిగింది కూడా అదే. మేం చేసింది రెండే పనులు. సిస్‌లాగ్‌ని ట్రంకేట్ కమాండ్‌తో ఖాళీ చేశాం, డిలీట్ చెయ్యలేదు. లాగ్ రాసే ప్రోగ్రామ్ ఆ ఫైలుని తెరిచి పట్టుకుని ఉంటుంది కాబట్టి, ఆర్‌ఎమ్ కొడితే పేరు పోతుంది గానీ జాగా తిరిగి రాదు. ఈ చిన్న విషయం తెలియక సర్వర్ల దగ్గర గంటలు పోగొట్టుకున్నవాళ్ళని నేను చూశాను. తర్వాత మిషన్ ఆన్ అవ్వగానే లినక్స్‌ని లేపే గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో కెర్నెల్‌కి ఇచ్చే మాటల వరసలో, ఆ కరెంటు ఆదా ఏర్పాటుని ఆపేసే మాట ఒకటి చేర్చాం. బ్యాటరీ కాస్త తొందరగా అయిపోతుందని కుర్రాడికి ముందే చెప్పాను. ఒప్పుకున్నాడు. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

నా వాదం ఆ స్నేహితుడితో కాదు. ఆ మాట అతను పుట్టించింది కాదు. కాలేజీ ల్యాబుల్లో, కోచింగ్ సెంటర్లలో, కంపెనీల్లో, చివరికి లినక్స్‌ని బాగా ఇష్టపడేవాళ్ళ నోట కూడా వింటున్న మాట అది. లినక్స్ కొత్తవాళ్ళకి కాదు, తేడా వస్తే కారణం వెతకడం నిపుణుల పని, నువ్వు మాత్రం మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకో, లేదా ఎక్కడో దొరికిన కమాండ్ పేస్ట్ చేసి దేవుడికి దండం పెట్టుకో. ఈ అభిప్రాయం తప్పు. కొత్తవాళ్ళని ఎప్పటికీ కొత్తవాళ్ళుగానే ఉంచేది ఇదే.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. మన ఊళ్ళలో కంప్యూటర్ రిపేరు షాపులు వచ్చిన రోజుల్లో ప్రతి మిషన్‌లోనూ దొంగ విండోస్ కాపీ, పెన్‌డ్రైవ్ పెన్‌డ్రైవ్‌కీ వైరస్. ఏ ఫైలు మంచిదో ఏది చెడ్డదో తేల్చే దారి లేదు. అప్పుడు ఫార్మాట్ కొట్టి కొత్త ఓఎస్ వెయ్యడం నిజంగానే చవకైన వైద్యం. షాపు కుర్రాడికి ముప్పావు గంట పని, మనకి శుభ్రమైన మిషన్. ఆ రోజుల్లో నేర్చుకున్న చేతివాటమే ఇవాళ లినక్స్ మీదికి వచ్చి కూర్చుంది. కానీ ఇక్కడ పరిస్థితి వేరు. లినక్స్ తనకి ఏం జరుగుతోందో దాచుకోదు. ఏ సర్వీసు ఎప్పుడు మొదలైంది, ఎందుకు ఆగింది, ఏ ఫైలు దొరకలేదు, ఎవరు ఏ గుమ్మం దగ్గర ఆగిపోయారు, అన్నీ టైముతో సహా రాసి పెడుతుంది. జర్నల్‌సీటీఎల్ అని కొట్టి ఆ రాతలు తెరవచ్చు. అంత రాత చేతిలో పెట్టుకుని, చదవకుండా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టమనడం వైద్యం ఎలా అవుతుంది?

ఇక్కడ నాకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం ఇంగ్లీషు. "తెలుగు మీడియంలో చదివిన పిల్లలండీ, ఆ మెసేజ్‌లు ఎలా అర్థమవుతాయి?" అని ఒక లెక్చరర్ నన్ను సూటిగానే అడిగారు. ఆయన పిల్లల మీద ప్రేమతోనే అడిగారు. కానీ ఆ మెసేజ్‌లు మనం భయపడే ఇంగ్లీషు కాదు. వ్యాసాల భాష కాదు, వ్యాకరణం కాదు. యునిక్స్ కాలం నుంచి వస్తున్న ఒక పట్టిక ఉంది. కెర్నెల్ ఏ పనైనా చెయ్యలేకపోతే అందులోంచి ఒక నంబరు తిరిగిస్తుంది, ఆ నంబరుకి కట్టిపడేసిన వాక్యాన్ని ప్రోగ్రాములు తెర మీద చూపిస్తాయి. అడిగిన ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేకపోతే 2. అనుమతి లేకపోతే 13. డిస్క్‌లో జాగా లేకపోతే 28. అవతలి మిషన్ జవాబివ్వక గడువు దాటితే 110. జవాబిచ్చి కాదు పొమ్మంటే 111. మనం రోజూ వాడే మామూలు మిషన్లలో ఈ నంబర్లు 133 దాకా ఉన్నాయి గానీ, కొత్తవాడికి మొదటి రెండేళ్ళలో ఎదురయ్యేవి డజను. నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ, పర్మిషన్ డినైడ్, నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్, కమాండ్ నాట్ ఫౌండ్. చివరిది కెర్నెల్‌ది కాదు, షెల్‌ది. అయినా అంతే చిన్నది. మందుల షాపులో పనికి కుదిరిన పదో తరగతి పిల్లవాడు మూడు నెలల్లో వందల ఇంగ్లీషు మందుల పేర్లు గుర్తుపడతాడు. డజను వాక్యాలు మన పిల్లలు గుర్తుపట్టలేరనడం వాళ్ళని తక్కువ చెయ్యడమే.

ఆ వాక్యాల్లో తేడా ఎంత పనికొస్తుందో ఒక్క జత తీసి చూపిస్తాను. క్లౌడ్‌లో కొత్తగా సర్వర్ తీసుకున్న పిల్లవాడు ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్ళబోతాడు. ఒకసారి కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వస్తుంది, ఇంకోసారి కనెక్షన్ టైమ్డ్ అవుట్ అని వస్తుంది. చాలామంది రెండిటినీ "కనెక్ట్ అవ్వట్లేదు" అనే ఒక్క మాటలో కలిపేస్తారు, సర్వర్ తీసేసి కొత్తది తెస్తారు. కానీ ఇవి రెండు వేరు వేరు కబుర్లు. ఒకరి ఇంటికెళ్ళి తలుపు కొట్టామనుకోండి. లోపల్నుంచి ఎవరో "మీరడిగిన మనిషి ఇక్కడ లేడు" అని వెంటనే చెప్తే, ఇల్లు సరైనదే, వీధి సరైనదే, మనిషే లేడని తెలిసింది. రెఫ్యూజ్డ్ అంటే దాదాపు ఎప్పుడూ అదే: మిషన్ బతికే ఉంది, దారి బాగుంది, ఆ పోర్టు దగ్గర వినే ప్రోగ్రామ్ లేదు. ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు ఆగిపోయిందా, పోర్టు నంబరు మార్చారా, అది చూడాలి. ఎంత కొట్టినా ఏ సడీ లేకపోతే అది టైమ్డ్ అవుట్. కబురు అక్కడిదాకా చేరలేదు, లేదా దారిలో ఫైర్‌వాల్ నోరెత్తకుండా ఆపేసింది, లేదా అడ్రసే తప్పు. క్లౌడ్ సర్వర్‌లో అయితే నూటికి తొంభైసార్లు సెక్యూరిటీ రూల్స్‌లో 22వ పోర్టు తెరవకపోవడమే, నా అనుభవంలో. మొదటిదానికి సర్వర్ లోపల వెతకాలి, రెండోదానికి బయట వెతకాలి. ఒక్క మాట చదివితే సగం వెతుకులాట తగ్గిపోయింది. ఇది నిపుణులకే అర్థమయ్యే రహస్యమని ఎవరనగలరు?

పర్మిషన్ డినైడ్ దగ్గర చెప్పే చిట్కా ఇంకా ప్రమాదకరం. సీహెచ్‌మాడ్ 777 పెట్టు, పోతుంది. అమీర్‌పేట నుంచి అమెరికా దాకా ఈ మంత్రం తెలియని తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాడు లేడు. 777 అంటే ఈ ఫైలుని ఎవరైనా చదవచ్చు, ఎవరైనా మార్చచ్చు, ఎవరైనా నడపచ్చు అని. వెబ్‌సైట్ ఫోల్డర్‌కి అది పెట్టారంటే, సైటులో ఏ చిన్న కంత దొరికినా అందులోంచి వచ్చినవాడు మీ ఫైళ్ళన్నీ తిరగరాసుకోవచ్చు. పైగా అది ప్రతిచోటా పనిచెయ్యదు కూడా. ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ ఫైలుకి 777 పెట్టి చూడండి. ఎస్‌ఎస్‌హెచ్ ఆ తాళంచెవిని ముట్టుకోనంటుంది, ఈ ఫైలుకి కాపలా లేదు, అనుమతులు మరీ తెరిచి ఉన్నాయి అని పెద్ద అక్షరాలతో హెచ్చరిస్తుంది. 600 పెడితే, అంటే యజమాని ఒక్కడే చదివి రాసేలా చేస్తే, దారికొస్తుంది. అనుమతి ఎక్కువై పని ఆగిన చోట, ఇంకా అనుమతి ఇవ్వమని చెప్పే చిట్కా అది. అసలు ఈ ఫైలు యజమాని ఎవరు, దీన్ని తెరవబోతున్న ప్రోగ్రామ్ ఏ యూజర్ పేరుతో నడుస్తోంది, ఈ రెండు ప్రశ్నలు వేస్తే చాలు. ఎల్‌ఎస్ హైఫన్ ఎల్ మొదటిది చెప్తుంది, పీఎస్ రెండోది చెప్తుంది. ఎక్కువసార్లు తేలేది యజమాని పేరు మార్చాలనే. అందుకు చౌన్ ఉంది.

పేస్ట్ చేసే అలవాటు చేసే నష్టానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ, ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఆప్ట్ కమాండ్ తాళం. ఉబుంటు వేసిన మొదటి రోజే ఇది చాలామందికి ఎదురవుతుంది. ఏదో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చెయ్యబోతే, తాళం దొరకలేదు, ఫలానా ప్రాసెస్ పట్టుకుని ఉంది అని వస్తుంది. ఇప్పటి వెర్షన్లలో ఆ ప్రాసెస్ నంబరూ పేరూ కూడా అందులోనే ఉంటాయి. ఆ పేరు సాధారణంగా అనటెండెడ్ అప్‌గ్రేడ్స్. అంటే మిషన్ తనంతట తాను సెక్యూరిటీ అప్‌డేట్లు వేసుకుంటోంది, కాసేపు ఆగమని అర్థం. టీ తాగి వస్తే అయిపోయే పని. కానీ ఎక్కడ వెతికినా దొరికే జవాబు, ఆ తాళం ఫైలుని ఆర్‌ఎమ్‌తో తీసెయ్యమని. తీసేస్తే ఒకే ఖాతా పుస్తకంలో ఇద్దరు ఒకేసారి రాయడం మొదలుపెడతారు. ఏ ప్యాకేజీ పూర్తిగా ఎక్కింది, ఏది సగంలో ఉంది అనే లెక్క చెడుతుంది. ఆ తర్వాత ఏది ఇన్‌స్టాల్ చేసినా ఎర్రరే, చివరికి ఫార్మాట్. నిందలు మాత్రం లినక్స్‌కి.

ఇదే ప్యాకేజీల వ్యవహారంలో అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయిందనుకోండి, మన పల్లెల్లో అది రోజూ ఉన్నదే. తర్వాత ఆప్ట్ నడిపితే ఏమంటుందో తెలుసా? డీపీకేజీ పని మధ్యలో ఆగిపోయింది, సరిచెయ్యడానికి మీరే ఈ కమాండ్ నడపాలి అని చెప్పి, ఆ కమాండ్‌ని అక్షరం పొల్లుపోకుండా రాసి చూపిస్తుంది. డీపీకేజీ, రెండు హైఫన్లు, కాన్ఫిగర్, హైఫన్ ఏ. మందు చీటీ రాసి చేతిలో పెట్టింది. ఆ చీటీ చదవకుండా పెన్‌డ్రైవ్ కోసం వెతికే చేతుల్ని నేను ఎన్నిసార్లు ఆపానో లెక్కలేదు.

నా వాదానికి ఎదురుగా నిలబెట్టే బలమైన సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాటవెయ్యడం న్యాయం కాదు. కెనడాకి చెందిన లైనస్ సెబాస్టియన్ యూట్యూబ్‌లో కంప్యూటర్ల గురించి చెప్పే ప్రసిద్ధుడు. 2021 నవంబరులో అతను ఒక నెల లినక్స్ మీదే గేములు ఆడతానని మొదలుపెట్టి, పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో గేములు దొరికే స్టీమ్ ఇన్‌స్టాల్ చెయ్యబోయాడు. బొమ్మల తెర నుంచి కుదరలేదు. టెర్మినల్లో ఆప్ట్ నడిపాడు. కొన్ని అత్యవసర ప్యాకేజీలు తొలగిపోతాయి, ఏం చేస్తున్నారో కచ్చితంగా తెలిస్తే తప్ప చెయ్యొద్దు, అయినా కావాలంటే చెప్పినట్టు చెయ్యి అనే వాక్యాన్ని పూర్తిగా టైపు చెయ్యండి అని అడిగింది. అతను టైపు చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోయింది. లక్షలమంది చూశారు. "ఇంత తెలిసినవాడికే ఇలా అయితే మామూలువాళ్ళ గతేంటి" అనే మాట అప్పటి నుంచి ఇంకా గట్టిపడింది.

ఇందులో ముందుగా ఒప్పుకోవాల్సింది ఉంది. అసలు తప్పు అతనిది కాదు, ఆ ప్యాకేజీ పొసగకుండా వదిలినవాళ్ళది. స్టీమ్ అడిగినవాడి డెస్క్‌టాప్ తీసెయ్యడం ఏ లెక్కనా సమర్థించలేం. హెచ్చరిక కూడా పొడవాటి పేర్ల జాబితా మధ్య ఇరుక్కుపోయింది. ఆ తర్వాత పాప్ ఓఎస్ వాళ్ళు దాన్ని సరిచేశారు, ఆప్ట్ తయారుచేసేవాళ్ళు కూడా ఒక వాక్యం టైపు చేస్తే అత్యవసర ప్యాకేజీలు పోయే ఆ దారినే మూసేశారు. అది మంచి పని. మెసేజ్ చదవమని జనాన్ని అడిగే హక్కు, చదవదగ్గ మెసేజ్ రాసినవాళ్ళకే ఉంటుంది. కానీ ఆ వీడియో నుంచి లినక్స్ కొత్తవాళ్ళకి కాదనే తీర్పు ఎలా తీశారు? ఆ రోజు అతన్ని కాపాడగలిగింది పదేళ్ళ అనుభవం కాదు. తొలగించబోయే ప్యాకేజీలివి అని పైన ఉన్న లైను చదివి, ఎంటర్ కొట్టే చేతిని ఆపుకోవడం. అది మొదటి రోజు నేర్పగలిగే పాఠం. మనం నేర్పడం లేదు. నేర్పకుండా, రాదని తీర్పు చెప్తున్నాం.

వైఫై విషయంలో మాత్రం నేను ఇంత ధీమాగా మాట్లాడను. కొన్ని చిప్‌లకి తయారీదార్లు సరైన డ్రైవర్ ఇవ్వలేదు, కొత్తవాడు ఎంత చదివినా ఆ లోటు తీరదు. బ్రాడ్‌కామ్ పాత చిప్‌లతో పడిన అవస్థ నాకు బాగా గుర్తుంది. డ్రైవర్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. అయితే ఇవాళ ఈ ముడి విప్పే పరికరం అందరి జేబులోనూ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని కేబుల్ నెట్‌లాగే చూస్తుంది, ఎక్కువసార్లు ఏ డ్రైవరూ అడగదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న మిషన్‌లో బయటి డ్రైవర్ వేస్తే, ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం తెర ఒకటి వచ్చి ఆ పాస్‌వర్డ్ అడిగి, కీని నమోదు చేసుకుంటుంది. నీలం తెర అనగానే విండోస్ చావు తెర గుర్తొచ్చి కంగారుపడి దాటేస్తారు. డ్రైవర్ ఎక్కదు, వైఫై రాదు, లినక్స్ పనికిరాదు. ఆ తెర మీద ఉన్నవి నాలుగైదు మాటలు.

విండోస్, లినక్స్ రెండూ ఒకే మిషన్‌లో పెట్టుకున్నవాళ్ళ గడియారం సంగతి చూడండి. లినక్స్ వాడి విండోస్‌లోకి వెళ్తే టైము వెనక్కి పోతుంది. మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయిందని షాపుకెళ్ళి మార్పించుకున్నవాళ్ళు నాకు తెలుసు. మార్చినా అదే తంతు. ఎంత వెనక్కి పోతోందో లెక్కపెడితే కచ్చితంగా అయిదున్నర గంటలు. చచ్చిపోతున్న బ్యాటరీ ప్రతిసారీ అయిదున్నర గంటలే లెక్కపెట్టి తప్పదు. భారత కాలమానానికీ అంతర్జాతీయ ప్రామాణిక కాలానికీ ఉన్న తేడా అది. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ అంతర్జాతీయ కాలం పెడుతుంది, విండోస్ దాన్నే స్థానిక కాలం అనుకుంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్‌తో లినక్స్‌ని కూడా స్థానిక కాలమే పెట్టమంటే గొడవ తీరుతుంది. బ్యాటరీకి డబ్బు పెట్టక్కర్లేదు, ఫార్మాట్ అసలే అక్కర్లేదు.

2024 ఆగస్టులో ఇలా రెండు ఓఎస్‌లు ఉన్నవాళ్ళు చాలామంది పొద్దున్నే లేచి చూస్తే లినక్స్ మొదలవ్వలేదు. సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని తెర మీద పడింది. లినక్స్ పాడైందనుకుని తుడిచేసినవాళ్ళున్నారు. పాడైంది ఏమీ లేదు. ఆ నెల వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్, పాత బూట్‌లోడర్లని నమ్మొద్దని మదర్‌బోర్డుకి చెప్పింది. ఆ మెసేజ్‌లో ఉన్న షిమ్, ఎస్‌బ్యాట్ అనే రెండు మాటలు పట్టుకుని వెతికినవాళ్ళు సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, సరిచేసుకుని, మళ్ళీ ఆన్ చేసుకున్నారు. వాళ్ళ ఫైళ్ళు వాళ్ళకున్నాయి.

సర్వర్లు చూసే పెద్దవాళ్ళ వాదన ఇంకోటి ఉంది. "మా దగ్గర రిపేరు అనే మాటే లేదు. సర్వర్ తేడా చేస్తే పడేసి కొత్తది లేపుతాం, అయిదు నిమిషాల్లో తయారు. మీరు పాతకాలం మాట చెప్తున్నారు" అంటారు. వాళ్ళు చేసేది సరైనదే, కానీ కొత్తవాళ్ళకి వాళ్ళు చెప్పేది సగమే. వాళ్ళు సర్వర్ పడేసే ముందు దాని లాగులన్నీ వేరే చోటికి వెళ్ళిపోయి ఉంటాయి. కారణం తెలుసుకునే కొత్తది లేపుతారు, ఆ కారణాన్ని తయారీ స్క్రిప్టులోనే దిద్దుతారు. కొత్తవాడికి ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. అతని దగ్గర ఉన్నది 1 జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్, దాని మీద వర్డ్‌ప్రెస్, మైఎస్‌క్యూఎల్. రాత్రి జనం పెరగగానే సైటు డేటాబేస్ దొరకడం లేదంటుంది. రీస్టార్ట్ చేస్తే లేస్తుంది. మర్నాడు మళ్ళీ పడుతుంది. కొత్త సర్వర్ లేపితే అదీ పడుతుంది. కెర్నెల్ లాగ్‌లో మాత్రం ఒక లైను రాత్రి నుంచి ఎదురుచూస్తూ ఉంటుంది: అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్, పక్కనే మైఎస్‌క్యూఎల్ పేరు. మెమరీ నిండిపోతే మిషన్ మొత్తం కూలకుండా, బాగా తింటున్న ప్రాసెస్‌ని కెర్నెల్ చంపుతుంది. దాన్నే ఊమ్ కిల్లర్ అంటారు. చాలా క్లౌడ్ సర్వర్లు స్వాప్, అంటే మెమరీ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే జాగా, లేకుండానే వస్తాయి. కొంచెం స్వాప్ పెట్టి, పీహెచ్‌పీ ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు లేపచ్చో తగ్గిస్తే చాలా సైట్లు నిలబడతాయి. చాలకపోతే మెమరీ కొనాలి. ఏది చెయ్యాలన్నా ముందు ఆ లైను చదివి తీరాలి.

వెబ్ సర్వర్‌గా ఎన్‌జిన్‌ఎక్స్ వాడేవాళ్ళకి కూడా ఒక్క మాట. కాన్ఫిగరేషన్ మార్చాక రీస్టార్ట్ కొట్టే ముందు ఎన్‌జిన్‌ఎక్స్ హైఫన్ టీ కొట్టండి. ఏ ఫైల్లో ఏ లైన్లో సెమికోలన్ మర్చిపోయారో అది చెప్తుంది, నడుస్తున్న సైటు మాత్రం పడదు.

మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యాల్సిన సందర్భాలు లేవని నేననను. సర్వర్‌లోకి బయటివాడు చొరబడ్డాడని తేలితే, అతను ఎక్కడెక్కడ ఏం వదిలిపెట్టాడో తెలియదు కాబట్టి, డేటా తీసుకుని మొత్తం కొత్తగా కట్టుకోవడమే క్షేమం. డిస్కే చచ్చిపోతుంటే, అంటే లాగుల్లో ఐఓ ఎర్రర్లు వరసగా పడుతూ స్మార్ట్‌సీటీఎల్ కూడా పోయిందని చెప్తుంటే, ఫైళ్ళు కాపీ చేసుకుని డిస్క్ మార్చాలి. ఈ రెండిటిలోనూ ఆ నిర్ణయం చదివిన తర్వాత వచ్చింది. చదవడానికి బదులుగా రాలేదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని ల్యాప్‌టాప్‌లు మన ఇళ్ళలో, బడుల్లో, చిన్న ఆఫీసుల్లో బోలెడున్నాయి. వాటిలో చాలావాటికి లినక్స్ ఇంకో అయిదేళ్ళ ఆయుష్షు పోస్తుంది. వాటి ముందు కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది కొత్తవాళ్ళే. వాళ్ళకి మొదటి ఇబ్బంది ఎదురైన రోజున పక్కనున్నవాళ్ళు ఏం చెప్తారన్నదాని మీదే, వాళ్ళు అందులో ఉంటారో వదిలేస్తారో ఆధారపడి ఉంది.

కాబట్టి కొత్తగా లినక్స్ వాడేవాళ్ళని ఒకటే అడుగుతున్నాను. తెర మీద ఏదైనా మెసేజ్ పడితే మూసెయ్యకండి. ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు "పనిచెయ్యట్లేదు" అని చెప్పకుండా ఆ లైను మొత్తం, దానికి ముందు మీరేం చేశారో అది కూడా కలిపి చెప్పండి. ఎవరైనా కమాండ్ ఇస్తే, అందులో ఏ ముక్క ఏం చేస్తుందో ఇచ్చినవాళ్ళనే అడగండి. చెప్పలేకపోతే ఆ కమాండ్ కొట్టకండి.

కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో లినక్స్ చెప్పే గురువులకి నాదొక విన్నపం. ల్యాబ్ పరీక్షలో ఎల్‌ఎస్, సీడీ, గ్రెప్ అంటే ఏమిటో రాయమని అడగడం ఈ ఏడాది ఆపండి. డిస్క్ నిండిన మిషన్ ఒకటి, యజమాని పేరు తప్పున్న వెబ్ ఫోల్డర్ ఒకటి, ఒక సెమికోలన్ తీసేసిన ఎన్‌జిన్‌ఎక్స్ ఫైలు ఒకటి పిల్లల ముందు పెట్టండి. పెన్‌డ్రైవ్‌లు బయట పెట్టించి, గంట టైమివ్వండి.